బల్ల కింది తేదీలు

తార్నాక, హైదరాబాద్
జూన్ 9, 2024

తవిటయ్య తాతకు,

నేను మహతిని. నిన్న ఫోన్ చేస్తే మీరు నాలుగుసార్లు "ఆఁ" అన్నారు. చివర "ఉంటానమ్మా" అన్నారు. రెండేళ్ళు ఒకే ల్యాబ్‌లో ఉన్నప్పుడూ ఇంతే కదా. అందుకే కాగితం తీశాను. మీ మనవరాలు ఇందు చేత చదివించుకోకండి. ఇది మీకే. ఎలకల పుస్తకంలో మీ చేతిరాత చూశాను, నాకన్నా మీదే నయం.

అమ్మ తుంటి ఆపరేషను తర్వాత ఇప్పుడు కర్ర పట్టుకుని వంటింటి దాకా నడుస్తోంది. జనవరి నుంచి ఇక్కడే ఉండిపోయాను. పగలు ఆవిడ పని, మిగిలినప్పుడు థీసిస్. ఏడేళ్ళయింది తాతా ఈ చదువు మొదలుపెట్టి. కూర్చుంటే లేవాలనిపించదు.

ఒక మంచి కబురు. మన ఎలకల మీద రాసిన వ్యాసాన్ని ఒక పత్రిక తీసుకుంది. దాన్ని చూసే ఇక్కడ ఒక పరిశోధనా సంస్థవాళ్ళు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి పిలిచారు, ఆగస్టులో. వస్తే అమ్మను వదిలి ఎక్కడికీ పోనక్కర్లేదు.

మనం చేసిందేమిటో మీరెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. ఎలక మెదడులో నేర్చుకోవడమంతా ఒకే చోట జరగదు. హిప్పోక్యాంపస్ అనే భాగం చోటును గుర్తుపెట్టుకుంటుంది. కిటికీ ఎటు, తలుపు ఎటు, తిండి ఏ మూల అని. స్ట్రయేటమ్ అని ఇంకొకటి ఉంది. దానికి చోటుతో పనిలేదు. కుడికి తిరిగితే తిండి దొరికింది కనుక మళ్ళీ కుడికి తిరుగుతుంది. అది అలవాటు. అమిగ్డలా అని బాదంగింజ ఆకారంలో ఒకటి, భయాన్ని దాచుకునేది. మనుషులకీ ఇవే ఉన్నాయి.

ఇరవై నాలుగు ఎలకల్లో పన్నెండింటికి ఆ చోటు భాగాన్ని దెబ్బతీశాం. పన్నెండింటిని అలాగే ఉంచాం. అన్నిటినీ కూడిక గుర్తు ఆకారంలో ఉన్న ఆ నాలుగు చేతుల బల్ల మీద ఒక చేతి చివర వదిలి, ఇంకో చేతిలో తిండి పెట్టాం. బాగున్నవే ముందు నేర్చుకుంటాయని ఎవరైనా అనుకుంటారు. మన దగ్గర దెబ్బతిన్నవే ముందు నేర్చుకున్నాయి! బాగున్నవి మార్చి దాకా తడబడుతూనే ఉన్నాయి. అంటే చోటు గుర్తుండటమే అలవాటుకు అడ్డం పడుతోందని రాశాను. అందరూ ఆశ్చర్యపోతున్నది దానికే.

మిగిలిన ఎలకలు ఎలా ఉన్నాయి? నా బదులు వాటికి తిండి పెట్టిన సూసన్నక్కను అడిగానని చెప్పండి.

మీ
మహతి


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
20-6-24

మహతమ్మకు తవిటయ్య రాసినది. ఇక్కడ అందరం ఉన్నాం.

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. అనసూయ టీచరమ్మ నడుస్తోందన్న మాట మా అబ్బాయి హరిబాబుకు చెప్పాను. వాడికి ఇక్కడి బళ్ళో లెక్కలు చెప్పింది ఆమే. సంతోషపడ్డాడు.

ఎలకలు ఆరు మిగిలాయి. ఎండకు తిండి తగ్గించాయి. నీళ్ళ సీసాలు రెండుపూటలా మారుస్తున్నాను. సాలువా రోడ్డు మీద సైకిలు తొక్కేసరికి నాకూ అలాగే ఉంది. మోకాలు పట్టేస్తోంది.

ఉత్తరం రాస్తుంటే అప్పలనర్సమ్మ వచ్చి నిలబడింది. "ఏటి, ఆ పిల్లకి ఉత్తరమా? పెళ్ళయి యాబై ఏళ్ళయింది. నాకు ఒక్క కాయితం ముక్క రాసినావా?" అంది. "నువ్వు ఇంట్లోనే ఉంటివి గదే" అన్నాను. "ఉన్నా మాటాడినావు కాదు" అంది.

ఒక సంగతి అడుగుతాను. ఏమీ అనుకోవద్దు. బల్ల మీద తిండిని కిటికీ వైపు చేతిలో పెడతారా? లేక చేతి మీద నంబరు చూసి పెడతారా?

వీలైతే రాయి.

తవిటయ్య


తార్నాక, హైదరాబాద్
జూలై 1, 2024

తాతకు,

మీ ఉత్తరం చూసి అమ్మ నవ్వింది. చాలా రోజులకు. హరిబాబు ఎక్కాలు తప్పు చెప్పి బెంచీ కింద దాక్కునేవాడట.

మీ ప్రశ్నకు జవాబు. నంబరు చూసే. ఒకటో నంబరు చేతి చివర ఎలకను వదలాలి, రెండో నంబరులో తిండి పెట్టాలి. నేను లేని మూడు నెలలూ సూసన్నక్క అలాగే చేసింది. ఒకటి తలుపు దగ్గర, రెండు కిటికీ దగ్గర ఉంటాయి కాబట్టి ఎలా చూసి పెట్టినా ఒకటే అనుకోండి. ఎందుకు అడిగారు? మీరు ఎలకల సంగతి అడగడం ఇదే మొదటిసారి.

ఇంటర్వ్యూ ఆగస్టు ఇరవై. మాట్లాడటానికి బొమ్మలు గీస్తున్నాను. ఒక చిన్న చిక్కు ఉంది. బాగున్న ఎలకలు తప్పులన్నీ సోమ మంగళవారాల్లోనే చేశాయి. గురువారానికి సర్దుకునేవి. మళ్ళీ సోమవారం మొదటికి వచ్చేవి. ఆదివారం సెలవు వల్ల మరుపు వచ్చిందని రాశాను. కాని ఫిబ్రవరి మూడో ఆదివారం తర్వాతి సోమవారం మాత్రం ఒక్క తప్పూ లేదు. ఎందుకో అర్థం కాలేదు. ఒక్క వారమే కదా అని వదిలేశాను.

అలసటగా ఉంది తాతా. రాసిందే మళ్ళీ రాస్తున్నాను. ఈ ఒక్కటీ అయిపోతే చాలు.

మహతి


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
14-7-24

మహతమ్మకు తవిటయ్య రాసినది. ఇక్కడ అందరం ఉన్నాం.

ఊరికే అడిగాను. వేరే ఏమీ లేదు.

వాన పడింది. ల్యాబ్ గదిలో ఒక మూల కారుతోంది. బాగుచేయిస్తామని మన ల్యాబ్ సారు చెప్పారు. గదిలో సామానంతా తీస్తున్నారు. నాలుగు చేతుల బల్లకు కొత్త రంగు వేయించాలని పూరీ గేటు దగ్గర పెయింటరు ఎర్రయ్య షెడ్డుకు పంపారు. పాత రంగు గీకి, కిందా పైనా అంతా రుద్ది వేస్తాడట. తొందర లేదన్నారు.

ఎలకలు నాలుగు ఉన్నాయి. రెండింటిని మొన్న తీసుకుపోయారు. తీసుకుపోయే పూట నేను గిన్నెలు కడుగుతూ ఉంటాను. అటు చూడను. అవి నా చేతి వాసనకు దగ్గరికి వస్తాయి, అందుకు.

నీకు ఉద్యోగం రావాలి. రోజూ అనుకుంటున్నాను.

తవిటయ్య


తార్నాక, హైదరాబాద్
జూలై 25, 2024

తాతకు,

తొందరలో రాస్తున్నాను. వ్యాసం చివరి ప్రూఫు వచ్చింది. సెప్టెంబరులో అచ్చవుతుంది. ఆఖర్లో సాయం చేసినవాళ్ళ పేర్లు రాయడం ఆచారం. సారు పేరు, సూసన్నక్క పేరు, తర్వాత మీ పేరు. "ఎలకలను, బల్లను జాగ్రత్తగా చూసుకున్న శ్రీ తవిటయ్యగారికి" అని ఇంగ్లీషులో రాశాను. ఇది మాత్రం ఇందు చేత చదివించుకోండి.

మీ ఉత్తరం మరీ చిన్నగా ఉంది. ఒంట్లో బాగాలేదా?

మహతి


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
4-8-24

మహతమ్మకు తవిటయ్య రాసినది.

ఒంట్లో బాగానే ఉంది. నా పేరు తీసెయ్యి. ఎందుకో ఇందులో రాస్తాను. ఇంత పెద్ద ఉత్తరం నేను ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే చూసుకుని చదువు.

నేను రైల్వే వీల్ షాపులో ముప్పై ఎనిమిదేళ్ళు పని చేశాను. ఒకే వంపు మీద రోజూ నడిచే ఇంజనుకు చక్రం ఒక పక్కే అరుగుతుంది. అప్పుడు ఇంజనును టర్న్‌టేబుల్ మీదికి ఎక్కించి ముందుది వెనక్కి తిప్పుతారు. అరుగుదల రెండో పక్కకు పోతుంది. చక్రం ఇంకొన్నాళ్ళు వస్తుంది. తిప్పినవాడు అడుగున ఎక్కడో సుద్దతో తేదీ రాయాలి. రాయకపోతే మా మేస్త్రీ ఊరుకునేవాడు కాదు.

ల్యాబ్‌లో ప్రతి ఆదివారం బల్ల కడగడం నా పని. నువ్వు హైదరాబాదు వెళ్ళాక చూశాను. కిటికీ వైపు చెయ్యి ఒక్కటే అరిగింది. గోళ్ళ గీతలు. ఉచ్చ పడి ప్లైవుడ్ ఉబ్బింది. తిండి కిటికీ వైపు పెడతారు కనుక ఎలకలు అటే పోతాయనుకున్నాను. బల్లను తిప్పి పెడితే అవతలి చెయ్యి కిటికీ వైపు వస్తుంది, అరుగుదల పంచుకుంటుంది అనుకున్నాను. కడిగి, ఆరబెట్టి, ముందుది వెనక్కి తిప్పి పెట్టి, అడుగున సుద్దతో తేదీ రాశాను. మరుసటి ఆదివారం మళ్ళీ తిప్పాను. అలా చేస్తూనే ఉన్నాను. ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగలేదు. అది పనే అనుకున్నాను.

సూసన్న ఒకసారి అడిగింది. "తాతా, ఒకటో నంబరు ఈ వారం అవతలికి పోయిందేటి?" అంది. "కడిగినప్పుడు అలా పెట్టినాను" అన్నాను. "ఠీక్ హై" అంది. ఆమె నంబరు చూసి తిండి పెట్టింది. నువ్వు చెప్పింది అదే కదా. ఆమె తప్పు లేదు.

ఎన్ని వారాలు తిప్పినా ఆ ఒక్క చెయ్యే అరుగుతూ వచ్చింది. అప్పుడే నాకు తెలియాలి. తెలియలేదు.

నీ మొదటి ఉత్తరం చదివాక అనుమానం వచ్చింది. రెండోది చదివాక అనుమానం పోయింది. దెబ్బతిన్న ఎలకలు కుడికి తిరిగాయి. ఒకటి నుంచి కుడికి తిరిగితే బల్ల ఎటున్నా రెండే వస్తుంది. వాటికి తిండి దొరికింది. బాగున్న ఎలకలు కిటికీ వైపు పోయాయి. తిండి అక్కడ లేదు. గోడ వైపు ఉంది. అవి నాలుగు రోజుల్లో నేర్చుకునేవి. మళ్ళీ ఆదివారం నేను వచ్చేవాణ్ణి. అవి తప్పు చెయ్యలేదమ్మా. నేను తిప్పాను. తిండి కిటికీ వైపు అని అవి అనుకున్నాయి. నేనూ అదే అనుకున్నాను.

ఫిబ్రవరి మూడో ఆదివారం నాకు జ్వరం. రాలేదు. బల్లను సూసన్న కడిగింది. తిప్పలేదు.

ఇదంతా జూలైలోనే రాసి ఉండాలి. ఆ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. నీకు రావలసిన ఉద్యోగం ఉంది. టీచరమ్మ ఉంది. రంగు వేసేస్తే సుద్ద పోతుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను. ఆ మాట నిజంగానే అనుకున్నాను, దాచను. నువ్వు రాసిన ఆ బాదంగింజ నాలో పెద్దదే అయి ఉంటుంది. తర్వాత నా పేరు వేశానని రాశావు. బల్లను జాగ్రత్తగా చూసుకున్న తవిటయ్య అని. ఇందు చదివి అందరికీ చెప్పింది. వీధిలో కూడా చెప్పింది. అన్నం తినలేకపోయాను.

అప్పలనర్సమ్మ కంచం తీస్తూ "ఏటయింది, సెప్పు" అంది. చెప్పాను. అంతా విని, "ఆ సుద్ద ఉందా, పోయిందా?" అని ఒక్కటే అడిగింది. సైకిలు తీశాను.

పూరీ గేటుకు వెళ్ళేసరికి ఎర్రయ్య బల్లను బోర్లా వేసి గరుకు కాగితంతో రుద్దుతున్నాడు.

"ఏటి మావా, పాత సెక్క కోసం ఎండలో పడొచ్చినావు?" అన్నాడు.

"ఆపు" అన్నాను.

"రుద్దితేనే గదా రంగు పడతాది."

"ఆపరా!" అన్నాను.

వాడు కాగితం కింద పడేశాడు. "నలబై ఏళ్ళలో నీ నోటంట ఇంత గట్టి మాట ఇన్లేదు. బల్లలో బంగారం దాసినావేటి?" అన్నాడు.

ఒక మూల అప్పటికే రుద్దేశాడు. మొదటి తేదీలు పోయాయి. మూడో, నాలుగో. అవి ఏ ఆదివారాలో గట్టిగా చెప్పలేను. ఊహించి రాయను. నేను ఆలస్యం చెయ్యకపోతే అవీ ఉండేవి. మిగిలినవి ఇవి. జనవరి 28. ఫిబ్రవరి 4, 11. తర్వాత 25. మార్చి 3, 10, 17, 24. ఫిబ్రవరి 18 లేదు. నేల మీద పడుకుని చూసి రాసుకున్నాను. ఇందు చేత ఫోటో తీయించాను. నీకు ఫోన్లో పంపమన్నాను. ఈ ఉత్తరం చేరిందని నువ్వు చెప్పాకే పంపమన్నాను. ఫోటో ముందు చూస్తే నీకు అర్థం కాదు.

బల్ల మా ఇంట్లో ఉంది. మంచం కింద పట్టలేదు. గోడకు ఆనించాను.

నువ్వు ఈ ఉత్తరం చింపేస్తే నేను ఎవరితోనూ అనను. సారుకు చెప్పమంటే చెబుతాను. నువ్వు చెప్పిందే చేస్తాను.

తవిటయ్య


తార్నాక, హైదరాబాద్
సెప్టెంబరు 15, 2024

తవిటయ్య తాతకు,

మీ ఉత్తరం ఆగస్టు తొమ్మిదిన అందింది. ఇందు ఫోన్‌కు "చేరింది" అని ఒక్క మాట పెట్టాను. ఫోటో వచ్చింది. ఆ తర్వాత జవాబు రాయలేదు. రాయాలనిపించలేదు.

చింపేస్తే ఎవరితోనూ అననన్నారు. ఆ వాక్యం దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. ఎందుకు రాశారు తాతా ఆ మాట? అది లేకపోతే నాకు దారి ఒకటే ఉండేది.

పత్రికకు రాసి వ్యాసం వెనక్కి తీసుకున్నాను. ఇరవయ్యో తేదీన ఇంటర్వ్యూకి వెళ్ళాను. నోరు తెరవగానే ఆ సంగతే చెప్పాను. ముగ్గురూ మర్యాదగా విన్నారు. టీ ఇచ్చారు. ఒకాయన తలుపు దాకా వచ్చాడు. ఉద్యోగం వేరే అమ్మాయికి వచ్చింది. ఇప్పుడు ఇంటి దగ్గరే ఒక కాలేజీలో వారానికి నాలుగు రోజులు పాఠాలు చెబుతున్నాను. వచ్చాక కాళ్ళు బకెట్లో పెట్టుకుని కూర్చుంటున్నాను.

మీ మీద కోపం ఉంది. బల్ల తిప్పినందుకు కాదు. జూన్‌లో ఆ ప్రశ్న అడిగి, జూలైలో "ఊరికే" అన్నందుకు. నా మీద కూడా ఉంది. రెండేళ్ళు మీరు బల్ల కడిగారు. తిండి ఎలా పెడతామో మీకు ఒక్కసారి చెప్పలేదు. చెప్పకూడదనుకుని కాదు. చెప్పాలని తట్టలేదు, అంతే. నేను ఎలకలకిచ్చిన శ్రద్ధ మీకివ్వలేదు.

నెల రోజులు ఆ లెక్కలు ముట్టుకోలేదు. పోయిన ఆదివారం అమ్మ పడుకున్నాక తీశాను. చెరిగిపోయిన వారాలు పక్కన పెట్టి, మీ ఎనిమిది తేదీలు ముందు పెట్టుకుని చూశాను. తిప్పిన ప్రతి ఆదివారం తర్వాతి సోమవారం బాగున్న ఎలకలన్నీ నేరుగా ముందటి వారం తిండి ఉన్న వైపుకే పోయాయి. పన్నెండూ. దెబ్బతిన్నవాటికి తేడానే తెలియలేదు. ఫిబ్రవరి పంతొమ్మిదిన, మీకు జ్వరం వచ్చిన వారం, ఒక్కటీ తప్పలేదు. ఏ భాగం ఏ పని చేస్తుందో పుస్తకాల్లో ఎలా ఉందో అలాగే చేశాయి. నేను వాటిని తెలివి తక్కువవని రాశాను.

కొత్త సంగతి ఏమీ కాదు. దీనికి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కాని నిజం. థీసిస్ ముగించాలంటే మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి.

సారుతో మాట్లాడాను. మిమ్మల్ని తీసేస్తామన్నారు. మీరు లేకపోతే బల్ల ఎవరు తిప్పుతారని అడిగాను. మిమ్మల్ని ఇంకో ఆరు నెలలు ఉంచడానికి ఒప్పుకున్నారు.

కాబట్టి బల్లను ల్యాబ్‌కు తీసుకుపోండి. నవంబరు నుంచి కొత్త ఎలకలు. సూసన్నక్క మునుపటిలాగే నంబరు చూసి తిండి పెట్టి, ఏ ఎలక ఎటు పోయిందో రాస్తుంది. మీరు ప్రతి ఆదివారం కడిగాక ఒక రూపాయి బిళ్ళ ఎగరెయ్యండి. బొమ్మ పడితే తిప్పండి. బొరుసు పడితే ఉంచండి. ఏది చేసినా అడుగున సుద్దతో తేదీ వేసి రాయండి. నాకు మాత్రం చెప్పకండి. ముందే తెలిస్తే నాకు కావలసిందే కనబడుతుంది. మార్చిలో వచ్చి నేనే బల్ల కింద పడుకుని చూస్తాను.

మోకాలికి నూనె రాసుకోండి. అప్పలనర్సమ్మ మామ్మకు నా నమస్కారం. ఆ ఒక్క ప్రశ్న ఆవిడ అడగకపోతే ఏమయ్యేదో.

మహతి


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
17-11-24, ఆదివారం

మహతమ్మకు తవిటయ్య రాసినది. ఇక్కడ అందరం ఉన్నాం.

ఎర్రయ్య బల్లకు పైన రంగు వేశాడు. అడుగున వెయ్యవద్దన్నాను. "కింద బంగారం ఇంకా ఉందేటి మావా?" అన్నాడు. ఉందన్నాను.

ఎలకలు ఇరవై నాలుగూ వచ్చాయి. తింటున్నాయి. సూసన్న రేపటి నుంచి మొదలుపెడుతుంది.

ఈ పూట బల్ల కడిగాను. బిళ్ళ ఎగరేశాను. చూసి పని చేశాను. సుద్దతో రాశాను. ఇంటికి వచ్చాక ఇందు "ఏటి పడింది తాతా?" అని అడిగింది. చెప్పలేదు. "సెప్పకపోడం ఈయనకి కొత్తేటి?" అంది అప్పలనర్సమ్మ.

కొత్తే. ఇన్నాళ్ళూ భయానికి చెప్పలేదు. బిళ్ళ ఏది పడిందో ఇప్పుడు నీకు చెప్పాలని చాలా ఉందమ్మా.

చెప్పను.

తవిటయ్య